సున్నా పొగ బస్సు

హైదరాబాదులో పొగ అనే పదార్థం ఇక మీదట చరిత్ర పుస్తకాల్లో మాత్రమే దొరుకుతుందని పర్యావరణ రవాణా శాఖ మంత్రి సురేందర్ గారు పంజాగుట్ట చౌరస్తాలో ప్రకటించినప్పుడు, నేను వేదిక పక్కనే కత్తెర పట్టుకొని నిలబడి ఉన్నాను. ఆ కత్తెర నాది. కత్తిరించబోయే రిబ్బనూ నాదే. కొత్త బస్సుకు కప్పిన ఆకుపచ్చ శాటిన్ ముసుగు కూడా నేను కుట్టిందే. చరిత్రలో దర్జీల పేర్లు రాయరు కాబట్టి ఈ విషయం నేనే చెప్పుకుంటున్నాను.

నా పేరు కమలాకర్. అమీర్‌పేట బస్టాపు ఎదురుగా నా టైలర్ షాపు. సురేందర్ గారు కార్పొరేటర్‌గా ఉన్నప్పటి నుంచీ ఆయన లాల్చీలు నేనే కుడుతున్నాను. పదవి పెరిగినప్పుడల్లా ఆయన నడుము కొలత కూడా పెరుగుతూ వచ్చింది. ప్రజాసేవ ఎంత బరువైన పనో టేపు పెట్టి కొలిచిన వాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

పర్యావరణ రవాణా శాఖ అనేది అంతకు ముందు లేదు. మంత్రివర్గంలో సురేందరన్నకు చోటు ఇవ్వాల్సి వచ్చింది. చోటు ఇచ్చాక శాఖ ఇవ్వాల్సి వచ్చింది. శాఖ వచ్చాక దానికొక బస్సు కావాల్సి వచ్చింది. ఆ బస్సే ఇప్పుడు ముసుగులో ఉంది.

"గిది డీజిల్ బస్సు గాదు" అన్నారు మంత్రిగారు మైకులో. "గ్యాసు బస్సు. మనింట్ల వంట చేస్కుంటం సూడు, గా గ్యాసు."

పక్కనున్న ప్రత్యేకాధికారి బుచ్చిబాబు గారు మెల్లగా వంగి, "అది వేరండి, ఇది సహజవాయువు" అన్నారు.

"సహజవాయువు" అన్నారు మంత్రిగారు ఏమాత్రం తడబడకుండా. "మన ప్రభుత్వంల అన్ని సహజంగనే వస్తయి."

చప్పట్లు మోగాయి.

బుచ్చిబాబు గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయనది గోదావరి జిల్లా. హైదరాబాదులో ఎన్నేళ్లున్నా 'అండి', 'గారు' చెక్కుచెదరకుండా కాపాడుకున్న మనిషి. గ్యాసు ఇంజన్లు ఎలా ఉంటాయో చూసి రమ్మని ప్రభుత్వం ఆయన్ను విదేశాలకు పంపింది. ఆ దేశాల్లో బస్సులు ఎప్పుడు చూసినా తిరుగుతూనే ఉండటం వల్ల ఇంజన్ను నింపాదిగా పరిశీలించే అవకాశం దొరకలేదని ఆయనకు చిన్న అసంతృప్తి ఉండేది. ఆ కొరత మన దగ్గర తీరింది.

ఆయన చెప్పగా నాకు అర్థమైంది ఇదీ. గ్యాసును బాగా నొక్కి, బస్సు పైకప్పు మీదున్న సిలిండర్లలో నింపుతారు. ఇంజను దాన్ని కాల్చుకొని నడుస్తుంది. నల్లపొగ రాదు. చప్పుడు తక్కువ. ఇందులో అబద్ధం ఏదీ లేదని నేను తర్వాత కళ్లారా చూశాను. కానీ అది తర్వాతి మాట.

ఈ కొత్త బస్సు కోసం ఆ పొద్దున్నే పాత బస్సును రద్దు చేశారు. మధురానగర్‌లో బయల్దేరి, అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట పెద్దాసుపత్రి దాకా తిరిగే డీజిల్ బస్సు అది. దగ్గుతూ నడిచేది. కానీ నడిచేది. దాని డ్రైవరు సాయిలునే కొత్త బస్సుకు వేసి, ఆకుపచ్చ యూనిఫాం కుట్టించారు. టికెట్లు కొట్టేదీ ఆయనే.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. ముసుగు తీశారు. నిజం చెప్పాలంటే బస్సు ముచ్చటగా ఉంది. మంత్రిగారు, ఆయన వెనక అనుచరులు, వాళ్ల వెనక విలేకరులు ఎక్కారు. నేను నా స్కూటర్ మీద వెనకాలే బయల్దేరాను. బస్సు పంజాగుట్ట నుంచి కదిలి, అమీర్‌పేటలో సరిగ్గా నా షాపు ముందుకు వచ్చి ఆగింది.

"సూసిండ్రా" అన్నారు మంత్రిగారు దిగుతూ. "సరిగ్గ ప్రజల నడుమల ఆగింది. డ్రైవరు తెలివి గలోడు."

"గ్యాసు అయిపోయింది సార్" అన్నాడు సాయిలు.

"మంచిది, మంచిది" అని ఆయన భుజం తట్టి, మంత్రిగారు వెనకాలే వస్తున్న తన డీజిల్ కారులో ఎక్కి వెళ్లిపోయారు.

*

గ్యాసు అయిపోవడం సమస్య కాదనీ, దానికొక విధానం ఉందనీ బుచ్చిబాబు గారు మర్నాడు బేగంపేటలో వివరించారు. పైపులైను నుంచి గ్యాసు నింపే పెద్ద బంకు ఊరి బయట ఉంటుంది. దాన్ని తల్లి స్టేషన్ అంటారు. ఊళ్లో పైపు లేని బంకుకు అక్కణ్ణుంచి లారీలో గ్యాసు వస్తుంది. దాన్ని కూతురు స్టేషన్ అంటారు. బేగంపేటలో కట్టింది కూతురు స్టేషన్.

మంత్రిగారు ఆ మాట విని కదిలిపోయారు. కూతురిని కడుపులో పెట్టుకొని చూసుకునే ప్రభుత్వం తమదేనని గంటసేపు మాట్లాడారు. పార్టీ మహిళా విభాగం అప్పటికప్పుడు గ్యాసు పంపుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చీర కట్టింది. ఫొటోలో చాలా బాగా వచ్చింది. గ్యాసు మాత్రం రాలేదు.

"ఎందుకు రాలే?" అన్నారు మంత్రిగారు. అప్పుడు ఆయన నా షాపులో స్టూలు మీద కూర్చొని ఉన్నారు. కొలతలు ఇవ్వడానికి వచ్చారు.

"గ్యాసు తెచ్చే లారీ ఉంది కదండి, అది పెద్ద బండి. పగలు నగరంలోకి రాకూడదు" అన్నారు బుచ్చిబాబు గారు.

"రాత్రి రమ్మను."

"రాత్రి బంకు తెరవకూడదండి. భద్రతా నిబంధన."

మంత్రిగారు కళ్లు మూసుకొని ఆలోచించారు. నేను ఆయన మెడ కొలుస్తున్నాను.

"అంటే పగటి రూలు పాటిస్తున్నం, రాత్రి రూలు సుత పాటిస్తున్నం."

"అక్షరాలా అండి."

"ఒక్క రూలు సుత తప్పలే."

"ఒక్కటి కూడా తప్పలేదండి."

"శభాష్" అన్నారు మంత్రిగారు. నేను మెడకు ఒక ఇంచు కలిపి రాసుకున్నాను.

*

బస్సు నా షాపు ముందే ఉండిపోయింది. సాయిలు రోజూ పొద్దున్నే వచ్చి అద్దాలు తుడిచేవాడు. సీట్లో కూర్చొని అద్దంలో వెనక్కి చూసేవాడు. బ్యాటరీ ఉంది కాబట్టి అప్పుడప్పుడు హారన్ కొట్టేవాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచేవాడు. సాయంత్రం డ్యూటీ దిగేవాడు. కోచింగ్ సెంటర్ల పిల్లలకు హాస్టల్ గదుల్లో గాలి ఆడదు కాబట్టి వాళ్లొచ్చి సీట్లలో కూర్చొని ఇంటర్వ్యూలకు చదువుకునేవాళ్లు. ప్రజలకు బస్సు ఉపయోగపడటం లేదని ఎవరూ అనలేరు.

ఇబ్బంది పడింది ఒక్క మా మేనత్త కాంతవ్వ. ఆమె మాతోనే మధురానగర్‌లో ఉంటుంది. ఆమె చేత్తో కుట్టిన గుండీ కాజా విడిపోవడం నేను ఇంతవరకు చూడలేదు. పెళ్లయిన కొన్నాళ్లకే మామ పోతే, నన్ను పెంచి సూది పట్టడం నేర్పింది ఆమె. ఇప్పుడు రెండు కిడ్నీలూ పని చేయడం లేదు. వారంలో రెండుసార్లు పంజాగుట్ట ఆసుపత్రికి పోయి డయాలసిస్ చేయించుకోవాలి. పాత బస్సు ఉన్నప్పుడు ఇంటి ముందు ఎక్కి, ఆసుపత్రి గేటు ముందు దిగేది. ఆడవాళ్లకు జీరో టికెట్టు, పైసా కట్టక్కర్లేదు. మెట్రో ఉంది కానీ అమీర్‌పేటలో దిగి ఇంకో రైలు మారాలి. రక్తం శుద్ధి చేయించుకొని వచ్చే మనిషికి ఆ జనంలో నిలబడటమే కష్టం.

నేను స్కూటర్ మీద తీసుకుపోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు ఆమె వెనక సీటు మీద కూర్చోలేని పరిస్థితి వచ్చింది. పోయేటప్పుడు నన్ను గట్టిగా పట్టుకునేది. వచ్చేటప్పుడు పట్టు ఉండేది కాదు. నా భార్య సంగీత ఆమె వెనక కూర్చొని పట్టుకునేది. అలా ముగ్గురం పోతుంటే ట్రాఫిక్ పోలీసులు ఆపేవాళ్లు.

"గా బస్సు ఎప్పుడు నడుస్తదిరా?" అని అడిగేది అత్త.

"నడుస్తదత్తా. సర్కారు బండి గదా, జర టైం పడ్తది."

"నాకే టైం లేదు బిడ్డా" అని మామూలుగా అని, దారం సూదిలోకి ఎక్కించేది.

ఈలోగా బస్సు కీర్తి పెరుగుతూ పోయింది. బస్సు వెనక గొట్టానికి బుచ్చిబాబు గారు ఒక మీటరు పెట్టించారు. ఎంత పొగ వస్తే అంత అంకె పంజాగుట్ట చౌరస్తాలో పెద్ద ఎలక్ట్రానిక్ బోర్డు మీద పడుతుంది. మొదటి రోజు సున్నా పడింది. రెండో రోజూ సున్నానే. ఆ తర్వాత ఏ రోజు చూసినా సున్నానే. డీజిల్ బస్సుల దేశంలో ఇటువంటి అంకె ఎప్పుడూ నమోదు కాలేదని బుచ్చిబాబు గారు విలేకరులకు చెప్పారు. అది నిజం.

పార్టీ యువజన నాయకుడు రాకేశ్ అమీర్‌పేట నిండా ఫ్లెక్సీలు కట్టించాడు. మంత్రిగారి నిలువెత్తు ఫొటో కింద మనిషి తలకాయంత సున్నా వేయించాడు. చూసిన వాళ్లెవరికీ తేడా ఏమీ అనిపించలేదు.

చివరికి ఎక్కడో చలిదేశంలో ఉన్న 'స్వచ్ఛ శ్వాస సమితి' అనే సంస్థకు ఈ సున్నా సంగతి తెలిసింది. ప్రపంచంలోనే అతి తక్కువ పొగ వదిలే బస్సుకు బహుమానం ఇస్తామనీ, తమ సభ్యులు వచ్చి చూసుకుంటారనీ కబురు పంపారు. మంత్రిగారు షేర్వానీ కుట్టమని నా దగ్గరికి వచ్చారు. సందు దొరికింది కదా అని నేను అడిగాను.

"అన్నా, బస్సు జర నడిపిస్తే మా అత్త ఆసుపత్రికి పోతది. మస్తు తిప్పలైతున్నది."

"నడిపిద్దాం కమలాకర్. ఫికర్ చెయ్యకు" అని, బుచ్చిబాబు గారి వైపు తిరిగారు. "నడిస్తే పొగ వస్తదా?"

"చాలా తక్కువండి. డీజిల్‌తో పోలిస్తే లేనట్టే."

"లేనట్టే అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"కొద్దిగా ఉన్నట్టేనండి."

"కొద్దిగ ఉంటే సున్నా ఉండదు గద."

"ఉండదండి."

మంత్రిగారు అద్దంలోంచి నా వైపు జాలిగా చూశారు. "సూసినవా కమలాకర్. రాష్ట్రం ఇజ్జత్ గా సున్నాతోని ముడిపడి ఉంది. మీ అత్తకు నమస్తే చెప్పు."

చెప్పాను. అత్త నమస్తే తీసుకుంది.

*

సమితి సభ్యులు బేగంపేట హోటల్లో దిగారు. వాళ్లు సిలిండర్లలో గ్యాసు ఉందో లేదో చూస్తారని ఎవరో చెప్పడంతో, అన్ని రూళ్లనూ ఒక్క రోజు పక్కన పెట్టి, పట్టపగలు లారీని రప్పించి బస్సుకు నిండా గ్యాసు కొట్టించారు. కొట్టించడానికి బస్సును జనం చేత బేగంపేట దాకా తోయించి, మళ్లీ నా షాపు దాకా తోయించారు. తర్వాత బుచ్చిబాబు గారు సాయిలును పిలిచి, సభ్యులు చూసి వెళ్లేదాకా తాళం తిప్పకూడదనీ, గ్యాసు ముల్లు వెంట్రుకవాసి కూడా దిగకూడదనీ చెప్పారు.

"బండి చెడిపోలేదు గద సార్?" అని అడిగాడు సాయిలు.

"ఎందుకు చెడిపోతుందండి, వాడితే కదా."

సభ్యులు వచ్చే దారి ఎలా ఉండాలో ముందు రోజు రిహార్సల్ చేశారు. ఆ రిహార్సల్లో దారి మూసేయడంతో అత్తకు ఆ వంతు డయాలసిస్ తప్పింది. రేపు పొద్దున రమ్మన్నారు ఆసుపత్రి వాళ్లు.

తెల్లారేసరికి అత్త కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. నేనూ సంగీతా ఆమెను స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టుకొని బయల్దేరాం. అమీర్‌పేట దాకా వచ్చాం. నా షాపు దగ్గర బారికేడ్లు అడ్డం పెట్టారు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఆ రోజు పొగ వదిలే వాహనం ఏదీ కదలరాదని ఉత్తర్వు. ఆటోలు లేవు. కార్లు లేవు. అంత ఖాళీగా, అంత శుభ్రంగా ఆ రోడ్డును నేనెన్నడూ చూడలేదు. గాలి నిజంగానే బాగుంది. మా అత్త ఒక్కతే దాన్ని పీల్చలేకపోతోంది.

అంబులెన్సుకు ఫోన్ చేశాను. తొందరగానే వచ్చింది. పంజాగుట్ట వైపు బారికేడ్ దగ్గర ఆగింది. దూరంగా దాని దీపం తిరగడం కనబడుతోంది.

"దాన్నైతే రానియ్యుండ్రి భాయ్" అన్నాను కానిస్టేబుల్‌తో.

ఆయనా మంచివాడే. అత్తను చూశాడు. వాకీటాకీలో ఎవరినో అడిగాడు. అవతల ఎవరో ఇంకెవరినో అడిగారు. "అంబులెన్సు డీజిల్ బండన్నా. ఇయాల డీజిల్ నడువది అంటున్నరు. పైన సార్లను అడుగుతున్నరు."

"మరి ఏ బండి నడుస్తది?"

ఆయన చుట్టూ చూసి, వేలు చూపించాడు. "పర్మిషన్ గా ఒక్క బస్సుకే ఉంది."

సాయిలు డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. అంతా వింటున్నాడు. అత్తను పాత బస్సులో కొన్నేళ్లు ఎక్కించి దించిన మనిషి. ఆయన మమ్మల్ని చూశాడు, బస్సు వెనక మీటరు వైపు అద్దంలో చూశాడు. ఆకుపచ్చ చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

"అవ్వను ఎక్కియ్యి కమలాకరన్నా."

"నీ నౌకరి?"

"ముందుగాల ఎక్కియ్యి."

అప్పటికే బస్సులో చదువుకుంటున్న కోచింగ్ పిల్లలు లేచి, అత్తను వెనక పొడవాటి సీటు మీద ఆనించి కూర్చోబెట్టారు. సంగీత ఆమె తల పట్టుకుంది. సాయిలు తాళం తిప్పాడు. నాకు ఏమీ వినబడలేదు. బండి లేవలేదనే అనుకున్నాను. చూస్తే నా షాపు వెనక్కి పోతోంది.

"ఇది నడుస్తదా?" అన్నాడు ఒక పిల్లవాడు నోరు తెరిచి.

ఈ కథనంలో నేను మనస్ఫూర్తిగా పొగడగలిగింది ఒక్కటే ఉంది, అది ఆ ఇంజను. కుదుపు లేదు. ఎత్తు ఎక్కుతుంటే మూలుగు లేదు. వెనక అద్దంలోంచి చూశాను. పొగ కనబడలేదు. అత్త కళ్లు తెరిచి, "బస్సు ఆగిందారా?" అంది.

"లేదత్తా. నడుస్తున్నది."

"మరి చప్పుడు లేదేంది" అని మళ్లీ కళ్లు మూసుకుంది.

దారి పొడవునా పోలీసులు ఇది కార్యక్రమంలో భాగమే అనుకొని సెల్యూట్ కొట్టారు. పంజాగుట్ట చౌరస్తాలో రాకేశ్ పిలిపించిన డప్పులవాళ్లు డప్పులు అందుకున్నారు. బోర్డు కింద మంత్రిగారు నేను కుట్టిన షేర్వానీలో నిలబడి, బస్సును చూసి అలవాటుగా చెయ్యి ఊపారు. ఆ తర్వాత జరిగింది రాకేశ్ చెప్పగా విన్నాను.

బోర్డు మీద సున్నా ఒకసారి వణికి, మూడు పడిందట.

"మూడేంది బుచ్చిబాబు గారూ?"

"పొగండి."

"ఎవరి పొగ?"

"మనదేనండి."

మంత్రిగారు పోతున్న బస్సును చూశారట, బోర్డును చూశారట, మళ్లీ బస్సును చూశారట. "గది ఇంకా నడుస్తదా?"

"నాక్కూడా ఇప్పుడే తెలిసిందండి" అన్నారట బుచ్చిబాబు గారు.

*

ఆసుపత్రి గేటు దగ్గర మమ్మల్ని చూసి డాక్టరమ్మ అత్తను చక్రాల మంచం మీదికి ఎక్కించింది. మంచం తోసుకుంటూ పరుగెత్తింది. ఆ పరుగు చూశాక మేము ఎంతలో వచ్చామో నాకు అర్థమైంది. నేను గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. లోపల యంత్రం తిరగడం మొదలైందని సంగీత వచ్చి చెప్పేదాకా నేను లేవలేదు.

బయట రాష్ట్రం ప్రతిష్ఠను కాపాడే పని అంతకంటే వేగంగా జరిగింది. సమితి సభ్యులు హోటల్లో ఇంకా ఇడ్లీలు తింటున్నారని తెలిసి బుచ్చిబాబు గారు ధైర్యం తెచ్చుకున్నారు. బోర్డు వైరు పీకి, మళ్లీ పెట్టారు. సున్నా వచ్చింది. బస్సును తిరిగి అమీర్‌పేట చేర్చాలి. నడిపితే మళ్లీ పొగ. అందుకని షెడ్డులో పడి ఉన్న పాత డీజిల్ బస్సును తెప్పించి, దానికి కొత్త బస్సును తాడుతో కట్టి లాగించారు. పాత బస్సు వదిలిన పొగకు చౌరస్తాలో డప్పులవాళ్లు కనబడలేదు. దాని వెనక మీటరు లేదు కాబట్టి ఆ పొగ లెక్కలోకి రాదు.

"ముంగట గా డొక్కు బస్సేంది?" అని అడిగాడు ఒక విలేకరి.

"పైలట్ ప్రాజెక్టు గదా" అన్నాడు రాకేశ్. "ముంగట పైలట్ బండి ఉండాలె."

గ్యాసు ముల్లు ఒక గీత దిగింది. దాన్ని బుచ్చిబాబు గారు స్వయంగా స్కెచ్ పెన్నుతో పైకి ఎక్కించారు.

సమితి సభ్యులు వచ్చారు. బస్సు చుట్టూ తిరిగారు. మీటరు దగ్గర వంగి చూశారు. గొట్టంలో తెల్లని చేతిరుమాలు పెట్టి తుడిచి, అది తెల్లగానే ఉండటం చూసి ఒకరి చెయ్యి ఒకరు కలుపుకున్నారు. సాయంత్రం బేగంపేట హోటల్లో బహుమానం ఇచ్చారు. ఆసుపత్రి వార్డులో గోడకున్న టీవీలో మేమూ చూశాం. అత్తకు వాపు దిగింది. దిండుకు ఆనుకొని, టీవీలో మంత్రిగారిని పరీక్షగా చూసింది.

"షేర్వానీ భుజం కాడ మంచిగ కూసుంది" అంది.

సాయిలును ఆ మధ్యాహ్నమే సస్పెండ్ చేశారు. ఇంటికి పోయి భార్యకు ఎలా చెప్పాలో తెలియక, ఆయన కూడా వార్డులో మా పక్కనే కూర్చొని టీవీ చూశాడు.

మర్నాడు బుచ్చిబాబు గారు ఒక సంచీ నిండా బత్తాయిలు పట్టుకొని ఆసుపత్రికి వచ్చారు. ముఖం కళకళలాడుతోంది.

"సాయిలు గారూ, మీకో శుభవార్త. మీ సస్పెన్షన్ రద్దయింది."

సాయిలు లేచి నిలబడ్డాడు. "సార్ దయ."

"నా దయ ఏముందండి. విచారణ జరిగింది. బస్సు కదిలించినందుకు కదా మిమ్మల్ని సస్పెండ్ చేసింది. ఆ రోజు బస్సు అసలు కదలలేదని తేలింది. కదలని బస్సును మీరు కదిలించారనడం అన్యాయం."

"సార్, బస్సు కదిలింది" అన్నాను నేను.

"బహుమానం వచ్చింది కదండి" అన్నారాయన ఓపికగా. "కదిలితే ఎలా వస్తుంది?"

సాయిలు నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు.

"అయితే చిన్న ఇబ్బంది ఉంది" అన్నారు బుచ్చిబాబు గారు. "ఆ టైములో బస్సు అమీర్‌పేటలో ఉంది. మీరేమో ఇక్కడ ఆసుపత్రి గేటు దగ్గర ఉన్నట్టు చాలామంది చూశారు. డ్యూటీలో బస్సు వదిలి ఎందుకు వచ్చారండి?"

"నేను బస్సు వదల్లే సార్. బస్సులనే వచ్చిన."

"బస్సు రాలేదు కదండి."

"మరి నేనెట్ల వచ్చిన సార్?"

"అది మీ వ్యక్తిగత విషయం. మేం జోక్యం చేసుకోం. డ్యూటీ వదిలిపెట్టి వచ్చినందుకు మాత్రం సస్పెండ్ చేయక తప్పడం లేదు. ఏమీ అనుకోకండి."

సాయిలు మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. మా అత్త ఇదంతా వింటూనే ఉంది. డాక్టరమ్మ పొద్దున్నే ఇంటికి పోవచ్చని చెప్పింది కాబట్టి అప్పటికే తల దువ్వుకొని, చీర సర్దుకొని తయారుగా ఉంది.

"సారూ" అంది. "మీకు పుణ్యముంటది. జర గా బస్సులనే నన్ను ఇంటికాడ దింపియ్యుండ్రి. మస్తు మెత్తగ నడుస్తది."

బుచ్చిబాబు గారు ఆమెకు రెండు చేతులూ జోడించారు. పెద్దవాళ్లంటే ఆయనకు చాలా గౌరవం.

"కాంతవ్వ గారూ, బస్సు కదలలేదండి. కదలని బస్సులో మీరు రాలేదు. ఆటోలు లేవు, అంబులెన్సు రాలేదు, కాబట్టి ఇంకెందులోనూ రాలేదు. మీరు ఇంటి దగ్గరే ఉన్నారమ్మా."

అత్త నా వైపు చూసింది.

ఆయన బత్తాయిల సంచీ ఆమె మంచం మీద పెట్టబోయి, చెయ్యి గాల్లోనే ఆపి, ఒక్క క్షణం ఆలోచించారు. సంచీ మళ్లీ చంకన పెట్టుకున్నారు.

"ఇవి మీ ఇంటికి పంపిస్తానండి" అని చెప్పి వెళ్లిపోయారు.